అతుకు

గోడకాయితానికి ఒక లెక్కుంది.
ఇరవయ్యొక్క అంగుళాలకోసారి
బొమ్మ మళ్లీ మొదటికొస్తుంది.
చిలక తర్వాత చిలక, మందారం తర్వాత మందారం,
నేను గీసిన మనిషి తర్వాత అదే మనిషి:
మీసం, ముక్కుపుడక, నెత్తిన మల్లెచెండు,
చేతిలో వేపమండ.

కాళహస్తిలో ఆరేళ్లు కలం పట్టాను.
కరక్కాయ రసంలో, బర్రెపాలలో నానిన గుడ్డ వాసన
ఇప్పటికీ గోళ్లలోంచి పోలేదు.
"ముందు నల్లగీత గట్టిగా ఉండాల,
రంగు యాడికీ పోదు" అనేవాడు గురువు.
నేనేమో స్వర్ణముఖిలో మోకాళ్లలోతు నిలబడి
గీత దాటి జారిపోయే ఎరుపునే
చూస్తూ ఉండిపోయేవాణ్ని.

ఉండిపోయేదాన్ని.

తెలుగు మంచిది. "వచ్చాను" అంటే
వచ్చిందెవరో ఎవరికీ తెలీదు.
పాత రోజుల్ని తల్చుకున్నప్పుడే
పట్టుబడిపోతాం.

బైరాగిపట్టెడలో మేడమీద గది.
అడ్వాన్సు లెక్కపెట్టుకుంటూ ఓనరమ్మ
"ఒక్కరే ఉంటారా?" అంది.
ఆ "ఉంటారా" కింద
కాసేపు నీడపట్టున నిలబడ్డాను.

కాయితం అతికించడానికి మా నాయనొచ్చాడు.
మునిరత్నం, సున్నాల మేస్త్రీ.
ఊళ్లో సగం లాడ్జీల గోడలు ఆయన చెయ్యి ఎరుగును.
నాలుగేళ్లుగా ఫోన్లో
"తిన్నావా" దాటి రాని మనిషి
నిచ్చెన భుజానేసుకుని మెట్లెక్కాడు.
నా జడ చూడలేదు.
గోడ చూశాడు. అరచేత్తో తట్టి
"తేమ ఉండాది" అన్నాడు.

మైదా ఉడికించి మైలుతుత్తం కలిపి
మొదటి చుట్ట విప్పాడు.
ఆగాడు.
జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు.
"ఇది నేను గదా."

ఆయనే. ట్రంకుపెట్టెలో దొరికిన ఫొటో.
గంగజాతర, తాతయ్యగుంట దారి,
ఒంటిమీద అమ్మ పెళ్లిచీర, చెంపలకు పసుపు,
తియ్యనని మొండికేసిన మీసం.

ఆ మర్నాడే
అదే చీర చుట్టుకుని నేను విప్పనంటే
"జాతర అయిపోయిందిరా" అని
సున్నం కుంచెతో కొట్టాడు. నాకప్పుడు ఏడేళ్లు.
అమ్మ కడగబోయింది. కడగనియ్యలేదు.
సున్నపుకుండల వేషం మిగిలిందని
వీపుమీద తెల్లచారలతోనే పడుకున్నా.

"ఆ యేడు నీకు అమ్మోరు పోసింది,"
నిచ్చెన మీదనుంచి అన్నాడు.
"బతికితే కోక కట్టుకోని వస్తానని మొక్కుకున్యా."
కొంచెంసేపటికి,
"కట్టుకున్నప్పుడు సిగ్గనిపించలే."

నాకో మాట గొంతుదాకా వచ్చింది.
గిన్నెలో బ్రష్షు ముంచిన చప్పుడు వింటూ
మింగేశాను.

రెండో పట్టీ దగ్గర చిక్కొచ్చింది.
తడికి కాయితం రెండు నూళ్లు సాగింది.
అతుకు సరిగ్గా మొగం నడిమధ్యన.
మీసం కలిపితే పుడక తప్పుతుంది,
పుడక కలిపితే మీసం తెగుతుంది.
"ఏది కలపాల?"
"నీకేది కుదిరితే అది."
"అట్లా కాదు. గీసింది నువ్వు. చెప్పు."

డాక్టరు అడగలేదు, ఆధారు కౌంటర్లో అడగలేదు,
అందరూ చెప్పినవాళ్లే.

"చూపు కలుపు నాయనా.
మిగతాది ఎట్లయినా పోనీ."

అంచు పేలిక మీద నా పేరు అచ్చయి ఉంటుంది,
అతికించేముందు కోసి పారేసే చోట.
ఆయన కోశాడు. కూడబలుక్కున్నాడు.
వ, కు, ళ.
శేఖరా అని పిలిచిన నోరు
ఆ ళ దగ్గర కాస్త తడబడింది.
పేలిక మడిచి బీడీకట్ట పక్కన
జేబులో పెట్టుకున్నాడో,
చేతులు తుడుచుకోడానికి దాచుకున్నాడో
నేనడగలేదు.

పొద్దుగూకేసరికి గోడనిండా మా నాయనలు.
కిటికీ పక్కన ఒకాయన చెంపలో మాత్రం
గాలిబుడగ ఒకటి ఉబ్బి ఉంది.
"సూదితో పొడవనా?"
"వద్దుమ్మే. ఆరితే అదే కూచుంటాది.
కూచోకపోయినా
గోడేం పడిపోదు."